ప్రాత సర్వరులలో నిల్వ డ్రైవరుల దోషనిర్ణయము

పూర్వము తెలుగు శాఖలలో పరిశోధకులు సేకరించిన సామగ్రి యంతయు చీట్లమీదను, నోటుపుస్తకములలోను ఉండెడిది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు 1962లో ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశపు ప్రథమసంపుటము అట్టి క్షేత్రపరిశ్రమకు ఫలము. చీట్లకు చెద శత్రువు, తేమ శత్రువు. ఐనను చెద పట్టినదో లేదో కంటికి కనిపించును. నేడు పరిశోధక విద్యార్థి ఊరూర తిరిగి ధ్వనిముద్రణలను, శాసనముల ఛాయాచిత్రములను తెచ్చి శాఖలోని సర్వరునందు చేర్చుచున్నాడు. ఆ సర్వరు ఒకనాడు "డిస్కులు లేవు" అని పలికినచో, అవి నిజముగా పోయినవో, ఉండియు కనబడకున్నవో కంటితో చూచి చెప్పుటకు వీలు లేదు. ఇట్టి సమయమున దోషము డిస్కులదా, వానిని పాలించు కార్డుదా, లేక ఆ కార్డుతో మాటలాడవలసిన డ్రైవరుదా అను విషయమును నిర్ణయించు పద్ధతిని, యంత్రశాస్త్రము చదువని తెలుగు అధ్యాపకులకు సయితము బోధపడునట్లు వివరించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

దీనికి నిమిత్తమైన యనుభవము దర్శి ప్రాంతమున కలిగినది. పూర్వపు ప్రకాశము జిల్లా పశ్చిమభాగము పదసంపదకు గని. సాగరు కాలువ పాఱు పల్లెలలో మాగాణి మాటలు, కాలువ యెక్కని మెట్టలలో కంది, సజ్జ, ఆముదముల సేద్యపు మాటలు, మార్కాపురపు పలకల గనులలో రాయి చీల్చువారి మాటలు, గిద్దలూరు దిక్కున నల్లమల యంచున చెంచుగూడెముల పాటలు, ఇవి యన్నియు ఒకటి రెండు దినముల ప్రయాణములో వినవచ్చును. ఆ ప్రాంతమందలి యొక కళాశాలలో తెలుగు అధ్యాపకులు పెక్కేండ్లుగా ఇట్టి ముద్రణలను ఒక సర్వరులో కూర్చియుండిరి. ఆ యంత్రము 2010 ప్రాంతమున తయారైనది. వేఱొక కార్యాలయమువారు కాలము చెల్లినదని తొలగింపగా కళాశాలకు దానముగా వచ్చినది. అందు నడచుచుండినది లినక్సు కుటుంబమునకు చెందిన సెంటాస్ 7. ఆ వ్యవస్థకు 2024 జూను 30వ తేదీతో నవీకరణములు నిలిచిపోయినవి. కావున ఆ కుటుంబమందే క్రొత్త వ్యవస్థను ఎక్కింపబూనగా, స్థాపన కార్యక్రమము డిస్కు నొక్కదానినైనను చూపలేదు. సాయమునకు వచ్చిన సాంకేతికుడు ఒక క్షణము చూచి, "డిస్కులు పోయినాయి సార్, రెయిడ్ మళ్లా కట్టి ఇనిషియలైజ్ కొడదాం" అనెను. ఆ మీట నొక్కియుండిన పెక్కేండ్ల కృషి తుడిచిపెట్టుకొని పోయెడిది. ఆ పాటలు పాడినవారిలో కొందఱు నేడు లేరు. కావున మీట నొక్కక ముందు విచారింపవలసిన విషయములే ఇందు ప్రధానముగా చెప్పుచున్నాను.

మొదట డ్రైవరు అను మాటను గుఱించి కొంత ముచ్చటింపవలసి యున్నది. దీనికి "చోదకము" అను పదమును కొందఱు వాడుచున్నారు. చోదకమనగా తోలునది, ప్రేరేపించునది. ఆంగ్లపదమునకు మక్కికి మక్కియే కాని, ఆ వస్తువు చేయు పని ఆ పదమువలన తెలియదు. డ్రైవరు దేనిని తోలదు. అది రెండు భాషలు నేర్చి నడుమ నిలుచును. కర్నెలనగా వ్యవస్థకు హృదయమైన కార్యక్రమము. అది "ఫలానా స్థానమునుండి ఇంత భాగము తెమ్ము" అని సామాన్యభాషలో అడుగును. డిస్కులను పాలించు కార్డు ఆ భాష నెఱుగదు; దానికి తన తయారీదారు నేర్పిన సంకేతములే తెలియును. ఈ యిరువురి మధ్య మాటలను మార్చి చెప్పునది డ్రైవరు. కంపెనీ కాలమున ఈ పని చేసినవానిని దుబాసీ యనిరి. అది ద్విభాషి శబ్దమునుండి వచ్చినది. కర్నలు మెకంజీకి కావలి సోదరులు లేకున్న గ్రామచరిత్రల సేకరణము ఎట్లు సాగెడిది కాదో, దుబాసీ లేని సర్వరులో డిస్కులున్నను అట్లే ఫలము లేదు. నాకు చోదకముకంటె దుబాసీయే నచ్చినది. ఐనను వాడుకలో స్థిరపడినది కనుక డ్రైవరు అనియే వ్రాయుచున్నాను.

సర్వరులలో డిస్కులు సాధారణముగా ఒంటరిగా నుండవు. నాలుగో ఆఱో డిస్కులను ఒక కార్డు చేతిలో పెట్టి, అన్నియు కలిసి ఒకే పెద్ద డిస్కువలె కనబడునట్లు చేయుదురు. దీనినే రెయిడు అందురు. ఒక డిస్కు చెడినను మిగిలినవానినుండి దానిలోని విషయమును తిరిగి పొందునట్లు కార్డు లెక్క కట్టి వ్రాయును. ఇందువలన లాభమెంత గలదో చిక్కును అంత గలదు. ఏలయన ఏ డిస్కులో ఏ ముక్క యున్నదో కార్డుకే తెలియును. కార్డుతో మాటలాడు డ్రైవరు లేకున్నచో నాలుగు డిస్కులును ఒక్కసారిగా అదృశ్యమగును. ఇది గమనింపదగిన లక్షణము: నాలుగు డిస్కులు ఒకే దినమున చెడుట మిక్కిలి యరుదు. అన్నియు ఏకకాలమున కనబడకుండుట తటస్థించినపుడు డిస్కులను అనుమానించుటకు ముందు కార్డును, డ్రైవరును అనుమానించుట న్యాయము.

దోషమును వెదకు క్రమమునకు దర్శివారికి తెలిసిన ఉపమానము కాలువ. నాగార్జునసాగరు కుడి కాలువనుండి దర్శి శాఖాకాలువ చీలును. దానినుండి మేజర్లు, మైనర్లు, తూములు, పిల్లకాలువలు. చివరి మడి ఎండినపుడు తెలిసిన రైతు జలాశయము ఎండినదని తీర్మానింపడు. తన గట్టునుండి పైకి నడచుచు ఏ తూమువఱకు నీరున్నది, ఎక్కడ ఆగినది అని చూచును. తూము మూసియుండవచ్చును, తూముకడ లస్కరు లేకపోవచ్చును, లస్కరు ఉండియు "మీ పొలము నా పట్టికలో లేదు" అనవచ్చును. ఈ మూడవ సందర్భమే మాకు సంభవించినది.

యంత్రము మేల్కొనునపుడు, లినక్సు ఇంకను రాకమునుపు, కార్డు తన సొంత తెరను క్షణకాలము చూపును. సూచించిన మీటలను నొక్కి అందు ప్రవేశించినచో, కార్డుకు డిస్కులు కనబడుచున్నవా, వాని కూర్పు క్షేమమేనా యని తెలియును. అక్కడ "ఆప్టిమల్" అని యున్నచో నీరు తలతూమువఱకు వచ్చినట్లే. మా సర్వరులో అట్లే యుండెను. "డిస్కులు పోయినవి" అను మాట అంతటితో వీగిపోయినది. ఈ తెరలో చదువుటయే కాని ఏ మార్పును చేయరాదు.

పిదప కర్నెలు కార్డును చూచుచున్నదా యని యడుగవలెను. ఆజ్ఞల పేర్లను ఉచ్చారణానుసారము వ్రాయుచున్నాను. "ఎల్ఎస్‌పీసీఐ" అను ఆజ్ఞ, యంత్రములో తగిలించిన కార్డుల నన్నిటిని ఏకరువు పెట్టును. దానికి "ఎన్ఎన్" అను గుర్తు చేర్చినచో ప్రతి కార్డునకు రెండు సంఖ్యలు కనబడును. మొదటిది తయారీదారు సంఖ్య, రెండవది వస్తువు సంఖ్య. ఇది కార్డునకు ఇంటిపేరును, పేరును వంటిది. ఉదాహరణకు ఎల్ఎస్ఐ సంస్థవారి 1078 అను చిప్పు గల రెయిడు కార్డు 1000:0060 అని కనబడును. డెల్ సర్వరులలో వచ్చిన పెర్క్ 6 కార్డులు ఈ చిప్పుపైననే నిర్మింపబడినవి. పట్టికలో కార్డే లేకున్నచో దోషము డ్రైవరుది కాదు. కార్డు వదులుగా నున్నదో, చెడినదో చూడవలెను. కార్డు కనబడి, అదే ఆజ్ఞకు "కే" అను గుర్తు చేర్చి యడిగినపుడు "వాడుకలో నున్న డ్రైవరు" అను వరుస లేకున్నచో, కార్డున్నది, దుబాసీ లేడని యర్థము.

ఇచ్చట రెండు త్రోవలు చీలును. పెక్కుమంది తప్పిపోవునది ఇక్కడనే. డ్రైవరు అసలు లేకపోవుట ఒకటి; డ్రైవరుండియు ఆ కార్డును తనదిగా గుర్తింపకుండుట మఱొకటి. ప్రతి డ్రైవరును తాను మాటలాడగల కార్డుల సంఖ్యల పట్టికను తనతో మోసికొని తిరుగును. "మోడ్‌ఇన్ఫో" అను ఆజ్ఞతో ఆ పట్టికను చదువవచ్చును. 1078 చిప్పునకు తగిన డ్రైవరు పేరు మెగారెయిడ్ శాస్. డ్రైవరు ఉన్నదా యని మాత్రమే చూచినవారు "ఉన్నదే, మఱి పని చేయదేమి" అని కార్డును నిందింతురు. పట్టికను చదివినవారికి ఆ సంఖ్య అందు లేదని తెలియును.

సంఖ్య ఏల లేదు? 2019 మేలో రెడ్ హ్యాట్ సంస్థ తన ఎంటర్‌ప్రైజ్ లినక్సు 8వ కూర్పును విడుదల చేసినపుడు, ప్రాతవైన అనేక నిల్వకార్డుల సంఖ్యలను డ్రైవరుల పట్టికలనుండి తొలగించినది. 1000:0060 అందు ఒకటి. ఈ తొలగింపులను సంస్థ దాచలేదు, తన గ్రంథములలో ప్రకటించినది. పది సంవత్సరములు పోషింపవలసిన కూర్పులో, తయారీదారులే విడిచిన కార్డులను పరీక్షించు భారమును ఒక వ్యాపారసంస్థ వహింపజాలదనుట అర్థము కాని మాట కాదు. ఐనను తెలిసికొనవలసిన విషయ మొకటి కలదు: ఆ కార్డుతో మాటలాడు విద్య డ్రైవరునుండి పోలేదు. పట్టికలో పేరు మాత్రము కొట్టివేయబడినది. లినక్సు మూలకర్నెలులో ఆ పేర్లు నిలిచియే యున్నవి. ఇక మూలము బహిరంగమైనది గనుక, కొట్టివేసిన పేరును తిరిగి వ్రాయు స్వాతంత్ర్యము ఇతరులకు గలదు. ఎల్‌రెపో అను సంఘమువారు అట్టి పేర్లను చేర్చిన డ్రైవరులను విడిగా కట్టి ఇచ్చిరి. 2024లో ఆల్మాలినక్సువారు తమ 9.4, 8.10 కూర్పులలో మెగారెయిడ్ శాస్, హెచ్‌పీఎస్ఏ, ఎంపీటీ3శాస్ మున్నగు డ్రైవరులకు తొలగిన సంఖ్యలను తిరిగి చేర్చిరి. మూలమును మూసియుంచిన వ్యవస్థయందు ఇట్టి ఉద్ధారము తయారీదారు దయపై ఆధారపడి యుండెడిది. మా యంత్రమందలి కార్డును ఇట్లు పట్టికనుండి తొలగిన జాతిలోనిదే. దోషము మాది: క్రొత్త వ్యవస్థ నెక్కించుటకు ముందు సంఖ్యను పట్టికతో సరిచూచియుండిన ఈ కలవరమే లేదు.

కార్యక్రమమును చెప్పుచున్నాను. స్థాపనను అట్లే విడిచి, ప్రాత కార్డుల పేర్లను నిలుపుకొనిన డెబియను వ్యవస్థను, డిస్కులను ముట్టకయే స్మృతిలో నడచు రూపమున, పెన్‌డ్రైవునుండి మేల్కొల్పితిమి. కూర్పు వెంటనే కనబడినది. ఫైళ్ల వ్యవస్థను చదువుటకు మాత్రమే తెఱచితిమి. ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. "చదువుటకు మాత్రమే" అని తెఱచినను, యంత్రము ఆకస్మికముగా ఆగియుండినచో, సెంటాస్ 7 వాడు ఎక్స్ఎఫ్ఎస్ వంటి వ్యవస్థలు తమ దినచర్యపుస్తకమును చూచి మిగిలిన పనిని పూర్తిచేయుటకై డిస్కుపై వ్రాయును. అదియు వలదనుకొన్నచో "నోరికవరీ" అను గుర్తును చేర్చవలెను. ఇట్లు తెఱచి, సర్వమును రెండు వేర్వేఱు డిస్కులకు ప్రతి చేసి, ప్రతి ఫైలునకు మూలముతో ముద్రాసంఖ్యను సరిచూచిన తరువాతనే క్రొత్త వ్యవస్థ మాట తలపెట్టితిమి. రెయిడు కలదు గనుక ప్రతి అనవసరమని వాదించినవారు మాలోను ఉండిరి. రెయిడు ఒక డిస్కు చెడినపుడు కాపాడును. కార్డు చెడినను, చేయి తప్పి చెఱిపివేసినను కాపాడదు. బ్రౌనుదొర కడపలో పండితులను పెట్టుకొని తాళపత్రములకు ప్రతులు వ్రాయించినపుడు, మూలములు ఇండ్లలో నున్నవి కదా యని ఊరకుండలేదు.

స్థాపనకు రెండు మార్గములు తోచినవి. ఒకటి, ఎల్‌రెపోవారి డ్రైవరు డిస్కును స్థాపన మొదటనే "ఇన్‌స్ట్ డీడీ" అను మాటతో చూపుట. ఇది పని చేయును, కాని 8.4 నుండి 8.5 వంటి ఉపకూర్పులకు మాఱునపుడు ఆ డ్రైవరు క్రొత్త కర్నెలుతో పొసగునో లేదో ప్రతిసారియు చూడవలెను. అధ్యాపకులు మాఱుచుండు కళాశాలలో ఇట్టి జాగరూకత నిలుచుట కష్టము. రెండవది, పేర్లను తనలోనే నిలుపుకొనిన వ్యవస్థను వాడుట. మేము రెండవదానినే ఎన్నుకొంటిమి.

మా సందర్భము ఇంతటితో తేలినది. ఐనను ఇవే లక్షణములతో వచ్చు వేఱు దోషములు కలవు. వానిలో ప్రథమముగా ఎన్నదగినది మేల్కొలుపు కట్ట, అనగా ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. డ్రైవరు ఫైలు ఎక్కడ నున్నది? డిస్కులో. డిస్కును చదువుటకు ఏమి కావలెను? డ్రైవరు. తాళపుచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళము వేసినట్లున్నది. ఈ చిక్కును తీర్చుటకై ముఖ్యమైన డ్రైవరులను ఒక చిన్న కట్టగా కట్టి, మేల్కొలుపు కార్యక్రమము కర్నెలుతోపాటు దానిని స్మృతిలోనికి తెచ్చునట్లు ఏర్పఱచిరి. సెంటాస్ కుటుంబములో ఈ కట్టను కట్టునది డ్రాకట్. అది మితవ్యయము కోరి, ఆ యంత్రమునకు ఆ దినమున కావలసిన డ్రైవరులనే మూటలో పెట్టును. అందుచేత కార్డును మార్చినను, డిస్కులను వేఱొక సర్వరులో పెట్టినను, మూటలో క్రొత్త కార్డునకు దుబాసీ లేక, మేల్కొలుపు సగములో ఆగి "డ్రాకట్" అను చిన్న తెర నిలిచిపోవును. స్థాపన కార్యక్రమమునకు డిస్కులు కనబడి, మేల్కొలుపునకు మాత్రము కనబడకున్నచో ఇదియే కారణమని చాలవఱకు నమ్మవచ్చును. మేల్కొలుపు పట్టికలో "రెస్క్యూ" అను పేరుతో నుండు కట్టలో సమస్త డ్రైవరులును ఉండును. దానితో లేచి, కావలసిన డ్రైవరు పేరును చేర్చి కట్టను మరల కట్టించినచో సరిపోవును. కార్డును మార్చదలచినవారు మార్చుటకు ముందే ఈ పని చేసికొనుట మేలు.

పేర్లవలన వచ్చు దోషము మఱొకటి. హెచ్‌పీ సర్వరులలోని స్మార్ట్ అఱ్ఱే కార్డులకు పూర్వము సీసీఐఎస్ఎస్ అను డ్రైవరు ఉండెడిది. అది డిస్కును తన సొంత పేరుతో పిలిచెడిది. 2010లో వెలువడిన 2.6.33 కర్నెలులో హెచ్‌పీఎస్ఏ అను క్రొత్త డ్రైవరు ప్రవేశించినది, 2017లో 4.14వ కర్నెలునుండి ప్రాతది తొలగిపోయినది. క్రొత్త దుబాసీ కార్డుతో చక్కగా మాటలాడును, కాని డిస్కును "ఎస్‌డీఏ" అని సామాన్యనామముతో పిలుచును. పట్టికలలో ప్రాతపేరు వ్రాసియుండిన యంత్రము, డిస్కు ఎదుటనే యున్నను, ఆ పేరు గలది లేదని ఆగిపోవును. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అను పేర్లును స్థిరములు కావు. ఏది ముందు కనబడిన దానికి ఆ పేరు. కావున ఫైళ్ల వ్యవస్థకు పుట్టుకతో వచ్చిన యూయూఐడీ సంఖ్యనే పట్టికలలో వ్రాయవలెను.

డ్రైవరు చేరి, డిస్కు కనబడి, పని మాత్రము నత్తనడక నడచుట కొన్నిచోట్ల చూచితిని. కార్డుమీద కొంత స్మృతియు, దానిని కరెంటు పోయినపుడు కాపాడుటకొక చిన్న బ్యాటరీయు ఉండును. బ్యాటరీ బలహీనమైనచో కార్డు స్మృతిని నమ్మక, ప్రతి వ్రాతను నేరుగా డిస్కునకే పంపును. ఇది కార్డు చేయు వివేకమే కాని దోషము కాదు. మన పశ్చిమ ప్రకాశపు ఎండలలో, చల్లని గది లేనిచోట, పది పండ్రెండేండ్ల బ్యాటరీ నిలుచుననుకొనుట అత్యాశ. ఇట్టిచోట డ్రైవరును ఎన్నిమాఱులు మార్చినను ఫలము లేదు.

ఇక నిజముగా డిస్కే చెడుట. కర్నెలు తన పలుకులను వ్రాసికొను పుస్తకమును "డీమెసేజ్" అను ఆజ్ఞతో చదువవచ్చును. కార్డు మొత్తముగా తిరిగి మొదలైనట్లు వ్రాత కనబడిన కార్డును, దాని ఫర్మువేరును చూడవలెను. మెగారెయిడ్ శాస్ డ్రైవరు "ఎఫ్‌డబ్ల్యు ఇన్ ఫాల్ట్ స్టేట్" అని వ్రాసినచో, దుబాసీ క్షేమముగా నున్నాడు, అవతలివాడే పలుకుట లేదని యర్థము. ఒక డిస్కుపైననే ఒకే తీరు తప్పులు మాటిమాటికి వచ్చుచున్నచో దానిని అనుమానింపవలెను. "స్మార్ట్‌సీటీఎల్" అను ఆజ్ఞకు కార్డు జాతిని, డిస్కు వరుససంఖ్యను చెప్పినచో, కార్డు వెనుకనున్న డిస్కు నాడిని విడివిడిగా చూడవచ్చును. ఈ సౌకర్యము చాలమందికి తెలియదు.

కార్డు తెరమీద కనబడు "ఫారిన్" అను మాటను గుఱించి హెచ్చరింపక విడువరాదు. డిస్కులను తీసి మరల పెట్టినపుడో, వేఱొక యంత్రమునకు మార్చినపుడో, డిస్కులపైనున్న కూర్పు వివరములు తన పుస్తకములో లేవని కార్డు ఈ మాటతో చెప్పును. చెడినవని కాదు. అప్పుడు అది రెండు దారులు చూపును: "ఇంపోర్ట్" అనగా ఆ వివరములను స్వీకరించుట, "క్లియర్" అనగా తుడిచివేయుట. కంగారులో రెండవది నొక్కినవారిని ఎఱుగుదును. "ఇనిషియలైజ్" ఇంకను ప్రమాదకరము. త్వరితరూపమున అది కూర్పు మొదటిభాగమును, చివరిభాగమును తుడుచును. పూర్ణరూపమున సర్వమును సున్నలతో నింపును.

మా సర్వరు మూతకు లోపలిప్రక్కన ఇపుడొక కాగితము అంటించి యున్నది. కార్డు సంఖ్య, ఫర్మువేరు కూర్పు, డిస్కులు ఏ గూటిలో ఏది యుండినదో ఆ వరుస, ఫైళ్ల వ్యవస్థల యూయూఐడీలు, బ్యాటరీ మార్చిన తేదీ అందు చేతివ్రాతతో నున్నవి. కర్నెలు మాఱినప్పుడెల్ల ఒక వరుస చేరును.

ప్రతులను సరిచూచునపుడు 2009 ప్రాంతపు కొన్ని ఫైళ్లు తెఱచినచో తెలుగునకు బదులు అర్థము లేని ఆంగ్లాక్షరములు కనబడి, డ్రైవరు చెఱిచినదేమోయని మాలో ఒకరు భయపడిరి. ముద్రాసంఖ్యలు సరిపోయినవి గనుక అది నిల్వదోషము కాదు. అవి యూనికోడు కాని ప్రాత ఫాంటులలో టైపు చేసిన వ్రాతలు. వానిని యూనికోడునకు మార్చు పద్ధతి వేఱొక వ్యాసమునకు తగిన విషయము.